అమ్మమ్మ పెట్టెలో వెండి రూపాయలు: గ్రేడ్ వేసి నలుగురికి పంచిన అనుభవం

అమ్మమ్మ పెట్టెలో ఉన్న వెండి రూపాయలు పంచాలి అన్నప్పుడు మావయ్య ఒక్క ముక్కలో తేల్చేశాడు, "లెక్కపెట్టి నాలుగు భాగాలు చెయ్యి అల్లుడూ, అందులో ఏముంది" అని. నాణేల పిచ్చి నాకుందని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి పని నా మీదే పడింది. కానీ వెండి రూపాయల్ని లెక్కపెట్టి పంచితే న్యాయం జరగదు, తూకం వేసి పంచినా జరగదు. ఒకే సంవత్సరం, ఒకే బరువు ఉన్న రెండు రూపాయల్లో ఒకటి వెండి రేటుకే పోతుంది, రెండోది దానికి ఎన్నో రెట్లు పలుకుతుంది, తేడా మొత్తం కండిషన్‌లోనే ఉంటుంది. అమ్మకి, పెద్దమ్మకి, పిన్నికి, మావయ్యకి సమానంగా రావాలంటే ఒక్కో కాయిన్‌ చూసి గ్రేడ్ వెయ్యాల్సిందే అని చెప్పి ఒప్పించా. ఇలాంటి పెట్టెలు చాలా ఇళ్లలో ఉంటాయి, పంచుకునే ముందో అమ్ముకునే ముందో పనికొస్తుందని ఎలా చేశానో రాస్తున్నా.

నేను వెళ్లేసరికి పిన్ని చింతపండు నానబెట్టి రెడీగా ఉంది, "ముందు తోమేస్తే తెల్లగా కనపడతాయి కదరా, అప్పుడు చూసుకో" అంది. ఆ గిన్నె పక్కన పెట్టించడమే నేను చేసిన మొదటి పని. వెండి నాణేనికి గ్రేడ్ అంటే బొమ్మ ఎంత అరిగింది అనేది సగమే, మిగతా సగం పైన ఉన్న లోహపు చర్మం మింట్ (నాణేలు కొట్టే చోటు) నుంచి వచ్చినప్పటిది అలాగే ఉందా లేదా అనేది. తోమితే పోయేది ఆ చర్మమే, పోయాక ఎవరూ తిరిగి తేలేరు. నల్లగా ఉన్నా, మచ్చలున్నా, ఉన్నది ఉన్నట్టు చూడాలి, ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనూ రాజీ పడలేదు.

ముందు గుంపులు చేశా. విక్టోరియావి ఒక పక్క, ఎడ్వర్డ్‌వి ఒక పక్క, జార్జ్ 5, జార్జ్ 6, నిజాం చార్మినార్ రూపాయలు వేరుగా. గ్రేడింగ్‌కి ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే కళ్లు నేర్చుకునేది పోలికతోనే, పది ఒకే రకం కాయిన్లు వరసగా పెడితే వాటిలో ఏది బాగుందో ఎవరూ చెప్పక్కర్లేదు, కన్నే చెప్తుంది. రకానికో కాయిన్ కలగాపులగంగా చూస్తుంటే ఎంత అనుభవం ఉన్నా తడబాటు వస్తుంది. విక్టోరియావాటిలో 1862 అని ఉన్నవే ఎక్కువ వచ్చాయి, మావయ్య ఆ ఒక్క ఏడాదే అన్ని ఎలా దాచారు అని ఆశ్చర్యపోయాడు, అందులో వింత ఏం లేదు, 1874 దాకా రూపాయల మీద అదే 1862 తారీఖు వేస్తూ వచ్చారు. వాటి మీద విక్టోరియా క్వీన్ అని ఉంటుంది, 1877 నుంచి వచ్చినవాటి మీద ఎంప్రెస్ అని ఉంటుంది.

తర్వాత తూకం. రెండు దశాంశాలు చూపించే చిన్న డిజిటల్ కాటా చాలు. బ్రిటిష్ ఇండియా రూపాయి 11.66 గ్రాములు, అంటే సరిగ్గా ఒక పాత తులం. 1939 వరకు అందులో వెండి 91.7 శాతం, 1940 నుంచి యుద్ధకాలంలో వెండి కరువై 50 శాతానికి దించేశారు, బరువు మాత్రం అదే ఉంచారు, 1947 రూపాయికి వచ్చేసరికి వెండే లేదు, నికెల్. అందుకని జార్జ్ 6 గుంపుని వెండి లెక్కలో కూడా వేరుగానే చూడాలి. నిజాం రూపాయి ఇంకా తేలిక, సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. బాగా అరిగినవి కొంచెం తక్కువ తూగుతాయి, అది మామూలే. ఎక్కువ తూగితేనే అనుమానం రావాలి. ఒక 1907 ఎడ్వర్డ్ రూపాయి 11.8 దాటి తూగింది, ఎందుకా అని అంచు తిప్పి చూస్తే పైభాగంలో, తల మీద సరిగ్గా 12 గంటల దగ్గర, చిన్న ముద్దలా టాంకం మిగిలిపోయి ఉంది. అంటే ఒకప్పుడు కొక్కెం అతికించి దండలో గుచ్చారన్నమాట. దాని సంగతి కిందకి చెప్తా.

అయస్కాంతం కూడా దగ్గర పెట్టుకున్నా, వెండి దానికి అంటదు, 1947 నికెల్ రూపాయి తప్ప ఇంకేదైనా అంటిందంటే నకిలీ అని అప్పుడే తెలిసిపోతుంది, అంటనంత మాత్రాన అసలుదని కాదు. పెట్టెలో రాముడి పట్టాభిషేకం బొమ్మతో, వెనక ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1818 అని ఉన్న బిళ్ల ఒకటి కూడా ఉంది, అది లక్షలు చేస్తుందని పెద్దమ్మ గట్టి నమ్మకం. కంపెనీ వాళ్లు అలాంటి నాణెం ఎప్పుడూ కొట్టలేదు, అవి తర్వాత కాలంలో తయారు చేసి అమ్మిన బిళ్లలు. మెల్లగా చెప్పి, దాన్ని దేవుడి గదికి పంపించేశాం.

ఇక అసలు చూడటం. గదిలో మిగతా లైట్లన్నీ ఆపేసి ఒక్క టేబుల్ లాంప్ పెట్టుకున్నా, వెచ్చటి రంగు వెలుగు ఇచ్చే బల్బుతో. ట్యూబ్‌లైట్ కింద వెండి మెరుపు సరిగ్గా తెలీదు, వెలుగు అన్ని వైపుల నుంచి పడి గీతల్ని కప్పేస్తుంది. కింద మందపాటి మెత్తటి గుడ్డ, పొరపాటున జారినా దెబ్బ తగలకుండా. కాయిన్‌ని ఎప్పుడూ అంచు మీదే బొటనవేలూ చూపుడువేలూ పెట్టి పట్టుకోవాలి, ముఖం మీద వేలు పడితే ఆ ముద్ర కొన్నాళ్లకి గోధుమరంగు మరకలా తేలుతుంది, కొన్నిటి మీద అమ్మమ్మ కాలం నాటి వేలిముద్రలు స్పష్టంగా కనపడ్డాయి కూడా. చేతిలో ఉన్నంతసేపూ దాని మీద మాట్లాడకూడదు, ఉమ్మి తుంపర పడితే అక్కడ మచ్చ వస్తుంది. ఈ మాట చెప్పాక పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకునే చూసింది ప్రతిదీ.

భూతద్దం వెంటనే పట్టుకోకూడదు. ముందు మామూలు కంటితో, చేతి దూరంలో, లాంప్ కింద కాయిన్‌ని కొంచెం వంచి గుండ్రంగా తిప్పాలి. మింట్‌లో డై, అంటే బొమ్మ చెక్కిన అచ్చు, దెబ్బకి లోహం మధ్యలోంచి అంచు వైపు పారుతుంది, ఆ పారుదలకి కంటికి ఆనని సన్నటి గీతలు ఏర్పడతాయి, వాటి మీద పడిన వెలుగు కాయిన్ తిప్పుతుంటే బండి చక్రం ఆకుల్లా గిర్రున తిరుగుతుంది. దీన్నే కార్ట్‌వీల్ లస్టర్ అంటారు. గ్రేడింగ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం ఇదే, నల్లగా, ఎవరూ పట్టించుకోని ఒక 1918 రూపాయి వెలుగులో తిప్పగానే ఆ నలుపు కింద నుంచి మెరుపు అంచుల దాకా తెగకుండా తిరిగింది, గుంపు మొత్తంలో అదే టాప్. పక్కనే ధగధగా తెల్లగా ఉన్న ఇంకో 1918 తిప్పితే మెరుపు కదలదు, ఎటు తిప్పినా ఒకేలా, ప్లేటులా మెరుస్తుంది. మావయ్యకి ఆ రెండూ చెరో చేతిలో పెట్టి లాంప్ కింద తిప్పమన్నా. కాసేపు తిప్పి "ఇది బతికున్నట్టుంది, అది కాదు" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

లస్టర్ చూశాక అరుగుదల. ప్రతి బొమ్మలోనూ ఎత్తుగా ఉండే చోట్లు ఉంటాయి, చేతులు మారేకొద్దీ ముందు అవే అరుగుతాయి. విక్టోరియాకి చెవి పైన జుట్టు, చెంప, భుజం మీద బట్టల కుట్టు. ఎడ్వర్డ్‌కి కిరీటం లేదు, బోడితల, అందుకని చెవి, చెవి పైన జుట్టు, గడ్డం చూడాలి, పైగా నున్నటి పెద్ద చెంప కాబట్టి చిన్న గీత పడ్డా దాక్కోలేదు, అందుకే మంచి ఎడ్వర్డ్ రూపాయి దొరకడం కష్టం అనిపిస్తుంది నాకు. జార్జ్ 5 కి కిరీటం మీది నగిషీ, మీసం, గడ్డం, భుజం మీది అంగీ అల్లిక, ఛాతీ మీద గొలుసులో ఉండే బుల్లి ఏనుగు. ఆ ఏనుగుకి కథ ఉంది కదా, 1911 లో వచ్చిన రూపాయి మీద తొండం పొట్టిగా ఉండి పందిలా కనపడుతోందని గొడవైతే 1912 నుంచి బొమ్మ మార్చారు, 1911 ది అందుకే సేకరించేవాళ్లు వెతుక్కునే కాయిన్. పెట్టెలో ఒకటి వచ్చింది. తొండం అరిగిపోయిన 1912 ని చూపించి పంది రూపాయి అనేవాళ్లున్నారు, అలా కాదు, ముందు తారీఖు చూడాలి. చార్మినార్ రూపాయికైతే మినార్ల మీది అడ్డగీతలు, మధ్య ద్వారంలో ఉండే చిన్న ఉర్దూ అక్షరం, ఉస్మాన్ అలీ ఖాన్‌ది అయితే ఐన్, ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్‌ది అయితే మీమ్. ఆ అక్షరం విడిగా, స్పష్టంగా ఉంటే కాయిన్ ఎక్కువ చేతులు మారలేదనే లెక్క. మెషీన్లు రాకముందు సుత్తితో కొట్టిన పాత హాలీ సిక్కాలు (నిజాం రూపాయలే) కూడా కొన్ని ఉన్నాయి, వాటిని ఈ కొలతతో చూడకూడదు, డై కంటే బిళ్ల చిన్నది కాబట్టి అక్షరాలు సగమే పడతాయి, అక్కడ ఎంత పడింది, తారీఖు పడిందా, మధ్యకి పడిందా అనేవి కూడా చూడాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒక విక్టోరియా రూపాయి మీద చెవి పైన జుట్టు నున్నగా ఉంది, చూడగానే అరిగింది అనిపిస్తుంది, కానీ వెలుగులో తిప్పితే ఆ నున్నటి చోట మీద కూడా మెరుపు తెగకుండా పోతోంది. అరుగుదలైతే అక్కడ మెరుపు చచ్చి బూడిద రంగు మచ్చలా కనపడాలి. అంటే కొట్టినప్పుడే డై సరిగ్గా దిగలేదు, వీక్ స్ట్రైక్ అన్నమాట, కాయిన్ వాడకంలోకి వెళ్లనే లేదు. అలాంటి కాయిన్‌ని వివరం తగ్గిందని వీఎఫ్‌లోకి, అంటే అరిగినవాటి గ్రేడ్‌లోకి, తోసేస్తే దాని యజమానికి అన్యాయం చేసినట్టే. వివరాన్ని కాదు, ఎత్తు చోట్ల రంగునీ మెరుపునీ నమ్మాలి.

అప్పుడు తీశా భూతద్దం, 5 రెట్లది, మహా అయితే 7 రెట్లు. అంతకంటే పెద్దది వాడితే ప్రతి కాయినూ గుంటలమయంగా కనపడి భయపెడుతుంది. దాంతో చూసేది ముఖ్యంగా హెయిర్‌లైన్స్, అంటే తుడిచినప్పుడు పడే వెంట్రుకల్లాంటి గీతలు. సంచిలో కాయిన్లు ఒకదానికొకటి తగిలి పడే దెబ్బలు వేరు, అవి చిన్న గంట్లు, ఎక్కడబడితే అక్కడ ఉంటాయి, వాటిని బ్యాగ్ మార్క్స్ అంటారు, ఎక్కువైతే గ్రేడ్ తగ్గుతుంది కానీ కాయిన్ పాడైనట్టు కాదు. తుడిచిన గీతలు మాత్రం సన్నగా, పక్కపక్కనే, ఒకే దిక్కుకి పోతాయి, అక్షరాల చుట్టూ మలుపు తిరుగుతాయి. మన ఇళ్లలో వెండి అంటే పళ్లపొడి, విభూది, చింతపండు, పండక్కి ముందు తోమడం తరతరాల అలవాటు, అభిషేకం చేసి బొట్టు పెట్టడం కూడా. అది భక్తి, దాన్ని తప్పు పట్టడానికి నాకు మనసు రాదు. కానీ పెట్టెలో దాదాపు మూడో వంతు అలా తోమినవే, వాటికి ఏ గ్రేడ్ నంబరూ ఇవ్వకుండా పక్కన వేరే వరస పెట్టా. గ్రేడింగ్ కంపెనీలు కూడా ఇలాంటి వాటికి నంబర్ ఇవ్వరు, ఎక్స్‌ఎఫ్ డీటెయిల్స్, క్లీన్డ్ అని, అంటే బొమ్మ కొద్దిగానే అరిగింది కానీ తోమేశారు అని, రాసిస్తారు.

పూజలో ఉన్నవాటిలో ఒకటి చాలా ముచ్చటేసింది, 1901 విక్టోరియా. అక్షరాల మూలల్లో కుంకుమ గట్టిగా పేరుకుపోయింది, ఒక వైపు పసుపు మరక, కానీ ఫీల్డ్‌లో, అంటే బొమ్మ చుట్టూ ఉండే ఖాళీ చోట, హెయిర్‌లైన్స్ లేవు, ఎవరూ తోమలేదు, బొట్టు మాత్రమే పెట్టి ఉంచేశారు. దాన్ని గాజు గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ పోసి రాత్రంతా ఉంచి, మర్నాడు ఆరాక స్వచ్ఛమైన అసిటోన్‌లో వేశా, కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా. అసిటోన్ వెండిని ఏమీ చెయ్యదు, నూనె, జిగురు, పసుపు రంగు లాంటివి కరిగించుకుపోతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, అందులో వేరేవి కలుపుతారు. రుద్దలేదు, గిన్నెని మెల్లగా కదిపా అంతే. పసుపు కరిగి ద్రవంలోకి దిగింది, కుంకుమ పొరలుగా ఊడింది, అక్షరం మూలల్లో కాస్త ఎరుపు మిగిలితే అలాగే వదిలేశా. తీసి ఆరబెట్టి లాంప్ కింద తిప్పితే చెంప మీద తప్ప మిగతా అంతా మెరుపు తిరిగింది, ఏయూ 55, అంటే దాదాపు అరగనిది, అని రాశా.

నలుపు, రంగుల విషయం అందరూ అడిగారు. వెండి మీద గాల్లోని గంధకం చేరి సన్నటి పొర కడుతుంది, పొర మందాన్ని బట్టి ముందు లేత పసుపు, తర్వాత ఎరుపు ఛాయ, ఊదా, నీలం, చివరికి నలుపు. కాగితంలో చుట్టి ఏళ్ల తరబడి కదపకుండా ఉంచినవాటి అంచుల్లో ఈ రంగులు వరసగా దిగాయి, అలాంటివి చూసి సేకరించేవాళ్లు మురిసిపోతారు, ఎందుకంటే ఆ పొర కింద అసలు చర్మం ఉందని సాక్ష్యం. మరీ దట్టంగా, పొడిగా నల్లబడి కింద మెరుపు ఏమాత్రం రాకపోతే మాత్రం గ్రేడ్ తగ్గించా.

ఆ 1907 ఎడ్వర్డ్ లాంటి కొక్కెం తీసిన కాయిన్లు చాలానే వచ్చాయి. ఫొటోలో ముందు వైపు చూసి ఎక్స్‌ఎఫ్ అని అమ్మేస్తుంటారు, అంచు చూపించరు. అంచు మొత్తం ఒక చుట్టు తిప్పి చూడాలి, సన్నటి నిలువు గీతలు ఎక్కడైనా తెగాయా, ఒక చోట రంగు మారిందా, ఆకురాయితో రాకిన జాడ ఉందా అని. షరాబులు పరీక్ష కోసం వేసిన చిన్న గుర్తులు కూడా కొన్నిటి మీద ఉన్నాయి. నాకు వ్యక్తిగతంగా అవంటే ఇష్టమే, ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చెప్పే గుర్తు అది, అయినా పంపకంలో అందరికీ ఒకే కొలత ఉండాలి కాబట్టి అవీ డీటెయిల్స్ వరసలోకే వెళ్లాయి.

నంబర్ల సంగతికొస్తే, 1 నుంచి 70 దాకా ఉండే ఈ స్కేల్ 1949 లో విలియం షెల్డన్ అనే ఆయన అమెరికా పాత రాగి సెంట్ల కోసం తయారు చేశాడు, 70 గ్రేడ్ కాయిన్ 1 గ్రేడ్ దానికంటే 70 రెట్లు పలకాలి అనే లెక్కతో. ఆ ధరల లెక్క ఎప్పుడో పోయింది, నంబర్లు మిగిలాయి. వీఎఫ్ 20 నుంచి 35, ఎక్స్‌ఎఫ్ 40, 45, ఏయూ 50 నుంచి 58, ఏమాత్రం అరగనివి ఎమ్మెస్ 60 నుంచి 70. నా చేతి గ్రేడ్‌లో ఎమ్మెస్ 62 కి 63 కి తేడా తెగ్గొట్టి చెప్పడం ఎందుకని ఎమ్మెస్ అని మాత్రం రాసి వదిలేశా. కింద మాత్రం గట్టిగా ఉన్నా, 58 కి ఎమ్మెస్‌కి మధ్య గీత కదపలేదు, ఎత్తు చోట మెరుపు ఏ కొంచెం తెగినా ఏయూ. రెండు గ్రేడ్ల మధ్య ఊగిసలాడినప్పుడల్లా కిందదే రాశా, మర్నాడు పగలు, నిన్నటి చీటీ చూడకుండా మళ్లీ వేశా, రెండుసార్లూ కలిసినవే ఖాయం.

పిన్ని కొడుకు "ఇవన్నీ అమెరికా పంపి స్లాబ్ చేయించొచ్చు కదా అన్నా" అని అడిగాడు. పీసీజీఎస్ 1986 లో, ఎన్‌జీసీ 1987 లో మొదలయ్యాయి, కాయిన్‌ని గ్రేడ్ చేసి ప్లాస్టిక్ కేసులో సీల్ చేసిస్తారు, వాటికి మార్కెట్‌లో నమ్మకం ఉంది. కానీ 1972 నాటి యాంటిక్విటీస్ అండ్ ఆర్ట్ ట్రెజర్స్ యాక్ట్ ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు కిందకి వస్తుంది, మన లాంటి వాళ్లు దాన్ని దేశం దాటించకూడదు. మా పెట్టెలో జార్జ్ 6 తప్ప మిగతావి దాదాపు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

పంపకానికి నాలుగు అంతస్తులు చేశా: ఎమ్మెస్, ఏయూ కలిపి ఒకటి, ఎక్స్‌ఎఫ్ వీఎఫ్ ఒకటి, అంతకంటే అరిగినవి ఒకటి, తోమినవీ కొక్కెం తీసినవీ ఒకటి. ప్రతి అంతస్తులోనూ ఒక్కో రాజు కాయిన్లు నాలుగు కుప్పలకీ వచ్చేలా సర్ది, పంది రూపాయి ఉన్న కుప్పకి మంచి చార్మినార్ లేకుండా చూసి, చీటీలు వేశాం. ఎమ్మెస్ 1918 పెద్దమ్మకి వచ్చింది. "ఈ నల్లదా" అని మొదట ముఖం చిన్నబుచ్చుకుంది, మావయ్యే లాంప్ వెలిగించి ఎలా తిప్పాలో చూపించాడు. 1911 పిన్నికి పడింది.

చివర్లో అందరి దగ్గరా పాత మెత్తటి ప్లాస్టిక్ కవర్లు తీసేయించా, వాటిలో పీవీసీ ఉంటుంది, కొన్నేళ్లకి ఆకుపచ్చ జిగురు వదిలి వెండిని తినేస్తుంది, రెండు జార్జ్ 6 ల మీద అప్పటికే మొదలైతే అసిటోన్‌లో వేసి తీశా. వాటి బదులు గట్టిగా, గలగలమనే మైలార్ ఫ్లిప్పులు (పీవీసీ లేని కాయిన్ కవర్లు), ఒక్కోదాంట్లో తారీఖు, బరువు, గ్రేడ్, కొక్కెం తీసిందా తోమిందా రాసిన చీటీ. తోమినవాటిలోంచి తలా ఒకటి పూజకి విడిగా ఇచ్చా, పండగొస్తే కడుక్కోవడానికి అవి చాలు, మిగతావి ఫ్లిప్ లోంచి తియ్యొద్దని చెప్పి వచ్చా.